వచ్చినదియు రావలసినదియు

మేము భాషోపాధ్యాయులము. సంస్కృతమును, ఆంగ్లమును చదువుకొని, ఇరువదియేండ్లుగా పిల్లలకు పద్యములును వ్యాకరణమును చెప్పుకొని బ్రదుకుచున్నవారము. గాజుకుప్పెలతోను దీపములతోను మాకు పొత్తు లేదు. ఐనను గత సంవత్సరము మా పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు బదిలీయై పోవుటచేతను, ఆయన స్థానమునకు మఱియొకరు వచ్చుట ఆలస్యమగుటచేతను, తొమ్మిదవ తరగతి వారి ప్రయోగముల గంటకు కావలి కూర్చుండుట మా వంతునకు వచ్చినది. కావలి యనుటయే సరి. దానిని బోధన యని చెప్పుకొనుటకు మాకు సాహసము లేదు.

ఆ దినమున చేయవలసిన ప్రయోగము మిక్కిలి చిన్నది. నీటిని కాచి, అది మరుగునప్పుడు థర్మామీటరు ఎంత చూపునో వ్రాసికొనవలెను. పిల్లలు ఐదు జట్లుగా కూర్చుండిరి. స్పిరిటు దీపములు వెలిగించిరి. నీరు మరిగినది. అంతట ఒక బాలిక రికార్డు పుస్తకము చేతబట్టుకొని మా బల్లయొద్దకు వచ్చి, “సార్, వచ్చింది రాయాలా, రావలసింది రాయాలా?” అని యడిగెను. వచ్చినది 98 డిగ్రీలు. రావలసినది 100.

మేము తడుముకొనలేదు. “పుస్తకంలో ఎంతుందో అంతే రాయమ్మా, దిద్దేవాళ్లు అదే చూస్తారు” అంటిమి. ఆమె 98 ని చెఱిపి 100 వ్రాసికొని పోయినది. మఱునాడు అదే తరగతికి మేము హరిశ్చంద్రుని పాఠము చెప్పవలసివచ్చినది. రాజ్యము పోయినను, ఆలుబిడ్డలు అమ్ముడుపోయినను ఆడి తప్పని వాని కథను కంఠమెత్తి చదువుచుండగా మా చూపు ఆ బాలికమీద పడినది. ఆమె మమ్ము చూచి నవ్వలేదు. నవ్వియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది. ఆమె శ్రద్ధగా అర్థములు వ్రాసికొనుచుండెను.

మా యూర పదవీవిరమణ చేసిన వృద్ధ విజ్ఞానోపాధ్యాయులొకరు గలరు. ఆ సాయంకాలము వారి యరుగుమీద కూర్చుండి ఈ సంగతి చెప్పి, మా బడిలోని థర్మామీటర్లు పనికిమాలినవి కాబోలునంటిమి. వారు నవ్వి, “మీ థర్మామీటర్లు బాగానే ఉన్నాయి పంతులుగారూ. మన ఊరు సముద్రపు ఒడ్డున లేదు, అంతే” యనిరి. మాది రాయలసీమలోని పడమటి మెట్ట. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన యెత్తు. నీరు మరుగుట యనగా దానిలో పుట్టిన ఆవిరి తనమీద నున్న గాలి బరువును త్రోసికొని పైకి రాగలుగుట. ఎత్తుసీమలో మనపై నున్న గాలి కొంత తక్కువ. కావున దానిని త్రోయుటకు కొంత తక్కువ వేడిమి చాలును. ఇంచుమించుగా 300 మీటర్లకొక డిగ్రీ తగ్గునట. మచిలీపట్టణమున 100 వద్ద మరుగు నీరు మా యూర 98 వద్దనే మరుగును. హిమాలయములలోని లేహ్ పట్టణమున అది 90 కైనను చేరదు. అక్కడ మామూలు కుండలో పప్పు వేగిరముగా ఉడుకదు.

పాఠ్యపుస్తకము అబద్ధము చెప్పలేదు. సముద్రమట్టమున నుండు గాలి బరువునకు 100 అని యది షరతు పెట్టియే చెప్పినది. ఆ షరతును మేము చదువలేదు. ఆ బాలిక చెఱిపివైచినది తప్పును గాదు. తన యూరి యెత్తును. ఎవరైనను ఆ రెండు డిగ్రీల నెత్తి పట్టుకొని “ఇవి యెక్కడికి పోయినవి?” అని యడిగియుండిన, భూగోళమును, వాయువును, కుండలోని పప్పును కలుపు పాఠమొకటి ఆ గంటలోనే తెరచుకొనెడిది. మేము దానిని రబ్బరుతో మూసితిమి.

మఱుగు నీటిని గూర్చిన యీ చిక్కు పిల్లల చిక్కు మాత్రమే యనుకొనరాదు. పదునెనిమిదవ శతాబ్దిలో లండను నగరపు పనివారు చేసిన థర్మామీటర్లు ఒకదానితో నొకటి ఏకీభవింపకుండుట చూచి, అచటి రాయల్ సొసైటీవారు హెన్రీ కావెండిష్ మొదలగు ఏడుగురిని ఒక సంఘముగా నేర్పరచిరి. ఆ సంఘము 1777 లో తన నివేదిక నిచ్చినది. గొట్టమును నీటిలో ముంచక ఆవిరిలో నుంచవలెననియు, అప్పటి గాలి బరువెంతయో చెప్పనిదే మరుగుస్థానము చెప్పరాదనియు దానిలోని ముఖ్యాంశములు. అంతటివారు ఏడుగురు కూర్చుండి తేల్చిన దానిని మేము ఒక్క వాక్యముతో తేల్చివేసితిమి గదా యని తరువాత సిగ్గుపడితిమి.

ఈ కావెండిష్ పేరు తలచిన వెంటనే మఱియొక కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1785 లో ఆయన గాలిలోని నత్రజనిని, ఆమ్లజనిని విద్యుత్తు మెఱుపులచే కలిపి తొలగించుచు పోగా, ఎంత చేసినను తొలగని చిన్న బుడగ యొకటి మిగిలినది. అది మొత్తములో నూటయిరువదవ వంతునకు మించదని ఆయన వ్రాసియుంచెను. అది యేమో ఆయనకు తెలియదు. తెలియకున్నను వ్రాసెను. నూఱేండ్లకు పిమ్మట లార్డ్ రాలీ నత్రజనిని తూచుచుండెను. గాలినుండి తీసిన నత్రజని లీటరునకు 1.2572 గ్రాములు తూగినది. రసాయనముల నుండి తీసినది 1.2505 మాత్రమే తూగినది. భేదము రెండువందలలో ఒక వంతు. మా బడిపిల్లవాడైనచో రెండింటిని 1.25 అని వ్రాసి సంతకము పెట్టించుకొని యింటికి పోయియుండును. రాలీ 1892 లో ఈ భేదమును ‘నేచర్’ పత్రికలో ప్రకటించి, దీనికి కారణమెవరైనను చెప్పగలరా యని రసాయనవేత్తలను బాహాటముగా యాచించెను. విలియం రాంసే ఆయనకు తోడైనాడు. 1894 లో ఆర్గాన్ అను వాయువు బయటపడినది. కావెండిష్ మిగిల్చిన బుడగ అదియే. 1904 లో వారిరువురికిని నోబెల్ బహుమానములు వచ్చినవి. కాని మా కథకు బహుమానముతో పనిలేదు. ఒకరు తమకు వచ్చినది వ్రాసి పెట్టిరి, నూఱేండ్ల తరువాత ఇంకొకరు తమకు వచ్చినది వ్రాసిరి, రెండును కలిసికొన్నవి. నడుమ నెవ్వరైనను రావలసినది వ్రాసియుండిన ఆ రెండును కలిసికొనెడివి కావు.

మాకు గలిగిన ధర్మసందేహమిది. పిల్లవానికి ఒక సంగతి తెలియకపోవుట దోషము కాదు. గురువు చెప్పిన మాట నమ్ముటయు దోషము కాదు. కాని “నేను చేసితిని, నేను చూచితిని” అని తన చేతివ్రాతతో వ్రాయు పుస్తకమున చూడని దానిని చూచినట్లు వ్రాయుమని గురువే చెప్పినప్పుడు, అక్కడ జరుగుచున్నది విద్యయా, కూటసాక్ష్యమునకు శిక్షణమా? న్యాయస్థానమున నిట్లు చేసినవానికి శిక్ష గలదు. పాఠశాలలో చేసినవానికి మార్కు గలదు.

ఒక మిత్రునితో దీనిని ముచ్చటింపగా ఆయన చెప్పిన ఆక్షేపణ విలువైనది. పిల్లవాడు ప్రతిదానిని తానే కనుగొనవలెనన్నచో ముప్పదియేండ్లకైనను ఎనిమిదవ తరగతి దాటడు; భూమి సూర్యుని చుట్టును తిరుగుటను ఎవరు తమ కంటితో చూచినారు? పెద్దల మాటను ప్రమాణముగా గొననిదే శాస్త్రము నిలువదు అని ఆయన వాదము. మేము దీని నంగీకరింతుము. మన నైయాయికులును ప్రత్యక్ష, అనుమాన, ఉపమానములతో పాటు శబ్దమును కూడ ప్రమాణముగా జెప్పిరి. కాని శబ్దము ఎవరిది? ఆప్తునిది. ఆప్తుడెవడు? వాత్స్యాయనుని భాష్యమును బట్టి చూడగా, విషయమును తాను సాక్షాత్తుగా తెలిసికొని, తెలిసికొన్నది తెలిసికొన్నట్లే యితరులకు చెప్పగోరువాడు. అంతటితో నాగక, ఈ లక్షణము ఋషికైనను, ఆర్యునకైనను, మ్లేచ్ఛునకైనను ఒక్కటియే యనియు ఆ మహానుభావుడు చెప్పెను. కులము గాని పీఠము గాని ఆప్తత్వము నీయవు. కనినది కనినట్లు చెప్పుటయే యిచ్చును.

అట్లయిన మిత్రుని యాక్షేపణ మా పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నది. ఇతరుల మాట నమ్మక తప్పదు గనుకనే, ఆ యితరులు వచ్చినది వ్రాయువారై యుండవలెను. ఈ బాలిక రేపు మందుల పరీక్షాశాలలో నుండవచ్చును. ఆమె తమ్ముడు వంతెన కాంక్రీటు దిమ్మను నొక్కియంత్రములో బెట్టి ఎంత బరువునకు పగిలెనో వ్రాయువాడు కావచ్చును. త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత గలదో కొలుచు ఉద్యోగి కావచ్చును. మా సీమకు ఆ కొలత యెంత ముఖ్యమో వంగిన వెన్నులను చూచినవారి కెరుక. ఆ దినమున వారి చేతిలోను ఒక పుస్తకముండును, దానిలో ‘రావలసిన’ సంఖ్య యొకటి ముందుగనే యుండును. వారిని మేమెట్లు తయారుచేసితిమి?

ఇందుకు వేరొక దారి లేదా యనినచో, ఉండెను, ముప్పదియేండ్లు నడచెను. మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో, 2022 నుండి నర్మదాపురమను పేర పిలువబడుచున్న ఆ సీమలోనే, 1972 లో పదునారు మాధ్యమిక పాఠశాలలలో ఒక క్రొత్త విజ్ఞానబోధ యారంభమయ్యెను. కిశోర్ భారతి యను సంస్థయు, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరును దానికి పూనుకొనినవి. బొంబాయిలోని టాటా పరిశోధనాలయమునుండియు, ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు శాస్త్రజ్ఞులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయుల ప్రక్కన నేలమీద కూర్చుండిరి. 1978 నాటికి అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించెను. 1982 లో ఏకలవ్య యను సంస్థ పుట్టి దాని భారమును వహించెను. ఏకలవ్యుని పేరు పెట్టుకొనుటలోని చమత్కారము సంస్కృతము చదివిన మాకు వేరుగ చెప్పనక్కఱలేదు. ఈసారి మాత్రము బొటనవ్రేలు అడుగలేదు.

అచటి ‘బాల వైజ్ఞానిక్’ పుస్తకములు ప్రశ్నలతో నిండియుండెడివి. జవాబులు పిల్లలు తామే ప్రయోగము చేసి వ్రాసికొనవలెను. నలుగురేసి పిల్లల జట్లు. చౌక సామానులతో కూర్చిన పెట్టె. అన్నిటికంటె మాకు నచ్చిన దొకటి గలదు. ఒకే బల్లను పదిమంది కొలిచినచో పది కొలతలు వచ్చును. మన బడులలో అది అల్లరి. అచట అదియే పాఠము. కొలతలన్నియు నల్లబల్లమీద వ్రాసి, ఎందుచేత హెచ్చుతగ్గులు వచ్చినవి, ఎంతవరకు సహజము, ఎంత దాటిన అనుమానింపవలెను అని పిల్లలే వాదించుకొనెడివారు. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనుటకు అనుమతి గలదు. కంఠస్థముతో పని లేదు గదా. ఉపాధ్యాయులు నెలకొకసారి కలిసికొని తమ తరగతులలో పొసగనివాటిని చెప్పుకొనెడివారు. పిల్లల ప్రశ్నలకు ‘సవాలీరాం’ అను కల్పితపురుషుని పేర జాబులు పోయెడివి. జవాబు తెలియని ప్రశ్న పిల్లవాడు వేసినప్పుడు “నాకు తెలియదు, చూతము” అని చెప్పుటకు ఉపాధ్యాయునికి అనుజ్ఞ దొరకినది. మా వృత్తిలో ఇంతకంటె దుర్లభమైన అనుజ్ఞ లేదు.

2002 నాటికి పదునైదు జిల్లాలలో సుమారు వేయి పాఠశాలలకు వ్యాపించియున్న యీ ప్రయత్నమును ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వము ఆపివేసెను. ఈ పద్ధతిని చదివిన పిల్లలు పైతరగతుల పరీక్షలలో వెనుకబడుదురనియు, రాష్ట్రమంతట పాఠ్యపుస్తక మొక్కటియే యుండవలెననియు వాదములు వచ్చినవి. ఆ వాదములను తేలికగా త్రోసివేయుట మాకిష్టము లేదు. తండ్రి కూలి చేసి చదివించుచున్న బిడ్డ ఎదుట రెండు త్రోవలున్నవి. ఒకదాని చివర సీటు గలదు, రెండవదాని చివర సీటు ఉండవచ్చును. తండ్రి మొదటిదానిని కోరిన మనము నిందింపదగము. నిందింపదగినది, వెనుకబడుట యనునది దేనితో కొలువబడుచున్నదో ఆ కొలబద్ద. రావలసిన దానిని వేగముగా గుర్తించువాడే ముందంజ వేయునట్లు పరీక్షను మనమే కట్టి, వచ్చినదానిని చూడనేర్చిన పిల్లవాడు వెనుకబడెనని మనమే విచారించితిమి.

మా ప్రాంతపు ఇంటర్మీడియట్ సంగతి పాఠకులకు తెలిసినదే. భౌతిక, రసాయనశాస్త్రములలో ప్రయోగపరీక్షకు 30 మార్కులు. మేమెఱిగిన బాలురలో దానిలో తక్కువ వచ్చినవానిని వెదకవలసియుండును. ప్రయోగశాల తలుపు ఎన్నిసార్లు తెఱచిరని యడిగిన ఆ బాలురే నవ్వుదురు. ప్రవేశపరీక్షలో నాలుగు జవాబులలో నొకటి గుర్తించుటయే గాని చేతితో చేయవలసినది లేదు. అట్లుండ ప్రయోగశాల నెవరు తెఱతురు?

విద్యావిధానములను నిర్ణయించు పెద్దలు ఈ విషయమున నిద్రించిరని మేమనము. శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని 1976 లో రాజ్యాంగముననే చేర్చిరి. 1993 లో యశ్‌పాల్ అధ్యక్షతనున్న సంఘము బడిసంచి బరువుకంటె అర్థము కాకుండుట యను బరువు పెద్దదని చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము చేసి నేర్చుకొనుటను గూర్చి పలుమాఱులు చెప్పినది. విజ్ఞానము, సాంకేతికము, ఇంజనీరింగు, గణితము నను నాలుగింటిని మూటగట్టి స్టెమ్ అని పిలుచుట నేటి వాడుక. ఆ పేర 2016 నుండి కేంద్రప్రభుత్వము అటల్ టింకరింగ్ లాబులను స్థాపించుచు, ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ధనసహాయము చేయుచున్నది. మంచిదే. అంతకు చాల ముందు, 1906 లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రములను తెలుగున తెచ్చుటకు పూనుకొన్నప్పుడు, మాటలు తెలుగైనచో శాస్త్రమును మనదగునని మన తాతలు ఆశపడిరి. మాటలు వచ్చినవి, పుస్తకములు వచ్చినవి, ఇప్పుడు యంత్రములును వచ్చినవి. పిల్లవాడు తన కంటిని నమ్మి వ్రాసిన సంఖ్యకు విలువ గట్టుట మాత్రము ఇంకను రాలేదు.

ఎందుకు రాలేదని యడిగిన మేము వ్రేలు చూపవలసినది పైవారి వైపు గాదు. ఇది చెప్పుట కష్టముగ నున్నది గాని చెప్పెదము. మేము నింపు పట్టికలలో ఏది వచ్చినది, ఏది రావలసినది? యూనిట్ పరీక్ష సగటులు, పిల్లల ప్రాజెక్టు మార్కులు, ‘చదువగలవారు’ ఇంతమంది యను సంఖ్య, ఇవి యన్నియు సాయంకాలము ఐదుగంటలలోపల పైకి పోవలెను. తక్కువ వ్రాసినచో సంజాయిషీ. ఎక్కువ వ్రాసినచో నమ్మరు. కావున మధ్యస్థముగా, నమ్మదగినట్లుగా వ్రాయుట మాకు చేతనైన విద్య. ఆ పట్టికలు మండలమున కూడబడి, జిల్లాలో కూడబడి, రాజధానిలో రంగుల బొమ్మలగును. వానిని చూచి పెద్దలు క్రొత్త పథకములు వేయుదురు. పిల్లల రికార్డులో మేము చేయించినదే మా రికార్డులో మేము చేయుచున్నాము. ఆ నీటికుండ ఎక్కడను నిజముగా మరుగదు. థర్మామీటరు చెడిపోయిన యింట జ్వరమునకు వైద్యము చేయుచున్నట్లున్నది.

రెండు వారముల తరువాత మేము అదే ప్రయోగమును అదే తరగతిచేత మరల చేయించితిమి. ఈసారి మా వృద్ధ మిత్రుని వెంటబెట్టుకొని పోయితిమి. వారి మాటమీద పిల్లలు మొదట థర్మామీటర్లను కరగుచున్న మంచుగడ్డలో నుంచి చూచిరి. ఒకటి సున్నకు అర డిగ్రీ పైన నిలిచినది. దానిని వ్రాసికొనిరి. పిదప ఐదు జట్ల సంఖ్యలును నల్లబల్లమీదికి వచ్చినవి: 98, 97.5, 98, 98.5, 100. నూఱు వచ్చిన జట్టును ఎట్లు చూచితిరని యడిగితిమి. వారు కొంతసేపు తల వంచుకొని, పిమ్మట ఒక బాలుడు, “ఇంకా దీపం వెలిగించలేదు సార్” అనెను. తరగతి యంతయు గొల్లుమన్నది. మేమును నవ్వితిమి గాని ఆ నవ్వు సగముననే నిలిచినది. వాడు మేము చెప్పినది చేసినాడు.

ఆ దినమున బాలిక తన పాత పుటలోని 100 ని కొట్టివేసి 98 వ్రాసికొన్నది. ప్రక్కన మా యూరి యెత్తును వ్రాసినది. సంవత్సరాంతమున రికార్డులు దిద్దుటకు పొరుగు పాఠశాలనుండి వచ్చిన ఉపాధ్యాయుడు 98 చుట్టును ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, అర మార్కు తగ్గించెను. మేము పోయి సంగతి చెప్పితిమి. ఆయన మంచివాడు, ఓపికగా విని, “మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్, నాకిచ్చిన జవాబుల కాగితంలో నూరని ఉంది” యనెను. అర మార్కు తిరిగి రాలేదు. ఈ సంగతి బాలికకు చెప్పవలసివచ్చినప్పుడు మాకు నోరాడలేదు. మార్కు పోయినది ఆమెది, ధర్మోపన్యాసము మాది.

ఆమె యిప్పుడు పదవ తరగతి. క్రొత్త భౌతికశాస్త్రోపాధ్యాయుడు వచ్చినాడు గనుక ఆ గదితో మాకు పని లేదు. ఐనను మొన్న అటు పోవుచు కిటికీ యొద్ద నిలిచితిమి. కటకముల నాభ్యంతరములు కొలుచుచుండిరి. ఆమె రికార్డు పుటను రెండు నిలువు వరుసలుగా గీసికొని యుండెను. మొదటి దానిపైన ‘వచ్చినది’ అనియు, రెండవ దానిపైన ‘రావలసినది’ అనియు వ్రాసికొన్నది. మొదటి వరుసను సిరాతోను, రెండవదానిని పెన్సిలుతోను నింపుచుండెను.